బ్యాంకుకు సంబంధం చూసిన రోజు

అత్తిమంజేరిపేటలో మా వాళ్ల నేతగాళ్ల వీధికి మురుగు కాలువ వచ్చింది ఏదో దూరదేశపు అభివృద్ధి బ్యాంకు పుణ్యాన. రెండు వానాకాలాలు గడిచాక, తన గురించి జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని ఆ బ్యాంకుకు బుద్ధి పుట్టింది. ఇల్లిల్లూ తిరిగి అడిగే పని తిరుత్తణిలో ఖాళీగా ఉన్న నాకు దొరికింది. ట్యాబులో ప్రశ్నలు తమిళంలో ఉంటాయి, మా వీధిలో మాట్లాడేది తెలుగు కాబట్టి నేను తెలుగులో అడగాలి. జవాబు మాత్రం నేను ఒక్క ముక్క కూడా అందించకూడదు, అది నియమం.

మొదటి ఇంట్లో మామ మగ్గం ఆపాడు.

"ఈ బ్యాంకును నమ్మచ్చా మామా?"

"రొంబ మంచి ఇల్లు పాపా. వంక పెట్టేదానికి లే."

"మీ మాట వింటుందా?"

"అదెల్లాం బాగా వింటాది. చెడ్డ అలవాటు ఒకటీ లే."

పక్కింటి అక్క ఇంకా ముందుకు పోయింది. "నిదానస్తుడు, ఎదురు మాట్లాడడు" అంది. అప్పుడు వెలిగింది నాకు. మా వీధిలో గుమ్మం ముందు నిలబడి ఒకరి గుణగణాలు ఆరా తీశామంటే అది పెళ్లి సంబంధానికే. సంబంధం చెడగొట్టిన పాపం ఎవరూ మూటగట్టుకోరు, తాగుబోతునైనా బంగారమంటారు. నన్ను ఎరిగినవాళ్లే, చేతిలో ట్యాబు కూడా చూశారు. అయినా ప్రశ్న చెవిన పడగానే నోరు అలవాటు దారిలో పోయింది.

చివరి ఇల్లు మా మేనత్తది. కాలువ వాటం తప్పి కట్టారు. వాన పడితే నీళ్లన్నీ ఆమె కాళ్లు దించుకుని నేసే మగ్గం గుంటలోకే వస్తాయి. నిన్నటి వానకు గుంట ఇంకా నిండుగానే ఉంది. ఆమెకున్నది ఆ ఒక్క మగ్గమే, బ్యాంకువాళ్లు అడగడం కూడా ఈ ఒక్కసారే. అయినా మహాతల్లి, "పదికి పదీ వేసుకో అమ్మీ, మారాజులు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. నియమాన్ని గాలికి వదిలేశాను.

"అయితే అత్తా, నీ కూతుర్ని ఆ ఇంటికి ఇస్తావా?"

అత్త గబుక్కున లేచింది.

"నా బిడ్డనా? ఆ ఇంటికా? వాన నీళ్లు యాడికి పోతాయని ఒక్కనాడన్నా అడిగినాడా వాడు? కాలువ ఎదురు వాటంగా కట్టేసి పోయినాడు. నేను పొద్దస్తమానం గుంటలో దిగి చెంబుతో తోడుకుంటా ఉండా. ఇట్లాంటోనికి పిల్లనిస్తారా ఎవురన్నా?"

ఆమె తిడుతుంటే నేను రెండు చేతులా ట్యాబులో తమిళంలో టైపు కొట్టేస్తున్నాను. పూర్తయ్యాక అత్త ముఖం పాలిపోయింది. నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మీ, అదంతా రాసేయొద్దు. పావం, యాడో దూరం నించి వచ్చినోడు. నా నోటి వల్ల వానికి పిల్ల దొరక్కపోతే?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. "సరే, రాయన్లే అత్తా" అన్నాను. ఆమె నిమ్మళంగా చెంబు తీసుకుని మళ్లీ గుంటలోకి దిగింది. ఆమె అటు తిరగ్గానే కొట్టిందంతా బ్యాంకుకు పంపేశాను. పుట్టి బుద్ధెరిగాక నేను చెడగొట్టిన సంబంధం అదొక్కటే.