ఎడమ చేతి చిటికెన వేలు

"ఏ అక్షరమే తప్పుతోంది?" అన్నాను.

"ఏ" అంది మా మనవరాలు.

"అదే అడుగుతున్నాను. ఏ అక్షరం?"

"ఏ మామ్మా, ఏ. ఏబీసీడీల్లో ఏ."

"డిగ్రీ చదివావు. మొట్టమొదటి అక్షరం రాదా నీకు?"

"నేనెప్పుడూ తప్పు కొట్టలేదు. ఇదే పొద్దస్తమానూ ఏ కొట్టమని చంపుతోంది."

"నువ్వు తప్పకపోతే దానికేంటి నీ మీద పగ?"

నర్సాపురం చుట్టుపక్కల ఊళ్ళకి కంప్యూటర్లు ఒకటీ అరా వస్తున్న ఆ రోజుల్లో, మిషను పొరబడుతుందని అనుకునే ధైర్యం నాకు లేదు. (మూడో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ పైన చదివినవన్నీ బస్సుల బోర్డులే.) మా అబ్బాయి, ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరొకటి కొని కూతురి కోసం హాల్లో పెట్టాడు. అందులో టైపు నేర్పే పాఠాలుండేవి. తెర మీద రెండు చేతుల బొమ్మ. ఇప్పుడు కొట్టాల్సిన వేలు ఎర్రగా వెలుగుతుంది. తప్పు కొడితే కీచుమంటుంది. ఎక్కడ ఎక్కువ తప్పితే మర్నాడు అదే పదేపదే కొట్టిస్తుంది. ఆ పాఠాల లెక్కంతా ఫ్లాపీలో తెమ్మన్నారు తణుకులో టైపు నేర్పే సారు. నిమిషానికి ముప్పై మాటలు కొట్టినవాళ్ళనే రాజమండ్రి ఆఫీసులో ఉద్యోగానికి పంపుతానన్నారు. తెల్లారితే ఫ్లాపీ ఇవ్వాలి. పిల్లకేమో పాఠం పాఠానికీ ముప్పై దాటుతోంది, అన్నీ కలిపి చూస్తే ఇరవై ఒకటే చూపిస్తోంది.

ఆ సాయంత్రం పిల్ల పాఠాల జాబితా తెరిచి చాలాసేపు చూసింది. "మామ్మా, మధ్యాహ్నం రెండింటికి నేను పడుకుంటాను కదా. రెండుంబావుకి రోజూ ఇక్కడెవరు కొట్టారు?"

నేను చింతపండులో గింజలు తీస్తున్నాను. తీస్తూనే ఉన్నాను. ఆఖరికి "కరెంటు ఊరికే పోతోందని కూర్చున్నానే" అన్నాను. (అది అబద్ధం కాదు. మాటిమాటికీ ఆపితే పాడవుతుందని పిల్ల మిషన్ని అలాగే వదిలేసి పడుకునేది. ఆపడం నాకు చేతకాదు, ఊరికే వెలుగుతుంటే చూడలేను. వెలిగిన వేలు నొక్కడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు. లేసు అల్లినట్టే, చేతులకేసి చూడక్కర్లేదు.)

"నెల్రోజులూనా?"

"ఆదివారాలు కూర్చోలేదు."

"నీ పేరు అడగలేదా అది?"

"ఏదో అడిగింది. పెద్ద మీట నొక్కితే ఊరుకుంది."

పిల్ల నా ఎడమ చెయ్యి తీసుకుని చిటికెన వేలు చూసింది. ముప్పయ్యేళ్ళు లేసు దారం చుట్టుకుని ఆ వేలు కాస్త వంకర తిరిగింది. ఏ కొట్టాల్సిన వేలు సరిగ్గా అదేనట. పెద్ద మీట నొక్కితే నా పాఠాలు కూడా పిల్ల పేరు మీదే రాసుకుందట. నా వేలి తప్పులకి మిషను పిల్లని శిక్షిస్తోందన్నమాట. ఇద్దరం కూర్చుంటే ఒక్కరమని ఎలా అనుకుందో నాకు ఎంత చెప్పినా బుర్రకెక్కలేదు. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకోవడం మాత్రం అర్థమైంది. "ఇరవై ఒకటని చూస్తే సారు నా మొహం కూడా చూడరు" అంది.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి నేనూ బయల్దేరాను.

"ఇందులో తప్పులు మా పిల్లవి కావండి, నావి" అన్నాను సారుతో.

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "మీరు టైపు చేస్తారా మామ్మగారూ?"

"తప్పులు చేస్తానండి."

"ఏదీ, కూర్చోండి."

కూర్చున్నాను. అక్కడి కంప్యూటర్లోనూ అవే పాఠాలు. వెనకాల బెంచీ మీద పిల్లలందరూ చూస్తున్నారు. తెర మీద ఏ వచ్చింది. నా చిటికెన వేలు వెళ్ళి తిన్నగా దాని మీదే పడింది. కీచుమనలేదు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పడింది. నెల్లాళ్ళు మిషను అదే కొట్టించింది కదా, ఎప్పుడొచ్చిందో నాకే తెలియకుండా వచ్చేసింది. మనవరాలు నా చెవి దగ్గర వంగి, "మామ్మా, తప్పు కొట్టు" అంది. వినబడింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, దాని ఉద్యోగం పోతుందని తెలిసి కూడా వరసగా ఏడుసార్లు తప్పకుండా కొట్టాను.

"మామ్మగారికి ఏ బాగానే వచ్చండి" అన్నారు సారు. ఎవరి తప్పులు ఎవరివో ఆయనకీ అంతుపట్టలేదు. ఫ్లాపీ పక్కన పెట్టేసి, "నువ్వు కూర్చోమ్మా" అని పిల్లకి ఒక కాగితం ఇచ్చారు. నిమిషానికి ముప్పై నాలుగు కొట్టింది. పేరు రాసుకున్నారు.

బయటికొచ్చాక నడుస్తూ నడుస్తూ, "నిన్న రాత్రి వరకూ నీకు రానిది, ఈ రోజే రావాలా?" అంది.

ఇన్నేళ్ళయ్యాక ఆ రోజు తణుకు రోడ్డు మీద నడిచిన నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. మొహం గంటు పెట్టుకుని, నవ్వు బయటపడకుండా ఎంత అవస్థ పడ్డానో.

"కబుర్లు చాలు, పద. బస్సు వెళ్ళిపోతుంది" అన్నాను.

బస్సుకి ఇంకా ముప్పావుగంట టైముంది.