డిస్కుకు పెట్టిన బొట్టు

మాదాపూర్‌లో ఆ గుండ్రటి అద్దాల భవనం కొత్తగా తెరిచిన రోజులవి. ఆదివారాలు జనం పిల్లాపాపలతో వచ్చి దాని ముందు ఫొటోలు దిగేవారు. మా ఆఫీసు దానికి కాస్త దూరంలో, కింద సిమెంటు దుకాణం ఉన్న ఇంటి పై అంతస్తులో ఉండేది. అయినా ఇంటికి రాసే ఉత్తరాల్లో మాత్రం "హైటెక్ సిటీలో ఉద్యోగం" అనే రాసేదాన్ని. అబద్ధం ఎలా అవుతుంది, మా కిటికీలోంచి అది కనిపించేదిగా!

మాది డేటా ఎంట్రీ పని. విదేశంలోని ఒక పాత గ్రంథాలయం తన పుస్తకాల కార్డులను జిరాక్సు తీయించి అట్టపెట్టెల్లో పంపేది. వాటిని స్కాన్ చేసి, వివరాలు టైపు చేసి, పని మొత్తం పూర్తయ్యాక ఒకేసారి అప్పజెప్పాలి. టైపు చేసేవాళ్లు ముప్పై మంది. కంప్యూటర్ల బాగోగులు చూసేదాన్ని నేనొక్కదాన్నే. సర్వర్‌లో జాగా ఎప్పుడూ చాలేది కాదు. బ్యాకప్ తీసే పాత టేపు యంత్రం ఒకరోజు టేపునే నమిలేసింది. అప్పుడు మా యజమాని నన్ను పిలిచి, "సీడీ రైటర్ ఒకటి చూడండమ్మా. డిస్కులు కూడా మీరే ఎంచండి, నాకేం తెలుసు వీటి సంగతి?" అన్నారు. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు. ఆ "మీరే" అన్న మాటకు నేల మీద కాలు ఆనలేదు నాకు.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలన్నీ ఒకే కాంప్లెక్సులో ఉండేవి. నిజాంపేట హాస్టల్ నుంచి రెండు బస్సులు మారి మూడుసార్లు వెళ్లాను. రైటర్ల గురించి పత్రికల్లో వచ్చినవన్నీ కత్తిరించి పెట్టుకున్నాను. ఎంత వేగంతో రాస్తుంది, లోపలికి వచ్చే డేటాను ఎంతసేపు నిలవ పెట్టుకోగలదు, దానికి కంప్యూటర్లో వేరే కార్డు బిగించాలా అని దుకాణదారుణ్ని ప్రశ్నలతో వేపుకు తిన్నాను. ఆయన ఓపిగ్గా అన్నీ చెప్పి చివరికి, "రైటర్ ఫికర్ జేసుడు సాలుగని, జర డిస్కు జూడుండ్రి మేడం. రాసుడు ఒక్కసారే. ఉండాల్సింది ఏండ్లకేండ్లు," అన్నాడు. పైభాగాన మందంగా పూత ఉన్న బంగారు రంగు డిస్కులు చూపించాడు. పక్కనే పేరూ ఊరూ లేని వెండి రంగువి, మూడో వంతు ధరకే. వాటిని తిప్పి చూశాను. కింది వైపు రెండూ ఒకేలా మెరుస్తున్నాయి. రైటర్ ఖరీదైనది తీసుకుని, డిస్కులు చవకవి తీసుకున్నాను. ఎంత తెలివిగా కొన్నానో అని ఆ రోజు బస్సులో నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఒక డిస్కు రాయడానికి దాదాపు నలభై నిమిషాలు పట్టేది. మధ్యలో డేటా ఒక్క క్షణం ఆగితే ఆ డిస్కు ఇక ఎందుకూ పనికిరాదు. అందుకని రాసేటప్పుడు అందరి చేతా సర్వర్ పని ఆపించి, "రాస్తున్నాను, ముట్టుకోకండి" అని అట్టముక్క తగిలించేదాన్ని. పసిబిడ్డ నిద్రపోతున్న ఇంట్లోలా అందరూ మెల్లగా నడిచేవారు. రాయడం కాగానే డిస్కు తెరుచుకుంటోందో లేదో చూసి, సర్వర్‌లోంచి ఆ ఫైళ్లు చెరిపేసేదాన్ని. రెండో కాపీ తీసేదాన్ని కాను. తీయాలని తెలియక కాదు, బద్ధకం.

డిస్కు ఎలా పట్టుకోవాలో ఆఫీసంతటికీ పాఠం చెప్పాను. "మెరిసే వైపే ప్రాణం. దాని మీద వేలు పడకూడదు. పైవైపు ఏం చేసినా ఫరవాలేదు." అందరికంటే శ్రద్ధగా విన్నది మా ఆయా. ఖాజాగూడ ఆవిడ, నలభై దాటి ఉంటాయి. ఊడ్చేదీ, టీ పెట్టేదీ, తాళాలు తీసేదీ ఆమే. ఇంట్లో సంపాదన ఆమె ఒక్కదానిదే, కూతురు ఇంటర్ చదువుతోంది. డిస్కు రంధ్రంలో వేలు పెట్టి, అంచు పట్టి ఎత్తడం నాకంటే ఆమెకే బాగా వచ్చింది.

దసరాకు ఆఫీసులో ఆయుధపూజ చేశాం. మానిటర్లకు, కీబోర్డులకు, జనరేటర్‌కు బొట్లు పెట్టారు. అంతలో యజమాని, "అసలు ఆస్తి ఆ డిస్కులే కదా, వాటికీ పెట్టండి," అన్నారు. ఆయా గంధం గిన్నె పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఏ దిక్కు పెట్టాలె మేడం?"

"పైవైపు పెట్టక్కా. కింద మాత్రం ముట్టుకోకు."

అప్పటికి రాసిన పదకొండు డిస్కులకూ వరసగా గంధం పూసి, పైన కుంకుమ పెట్టింది. ముచ్చటగా ఉన్నాయి. సెలవులయ్యాక తడిగుడ్డతో అన్నీ శుభ్రంగా తుడిచి, పెట్టెలో సర్దేసింది.

పది రోజుల తర్వాత మొదటి విడత కార్డుల్లో ఏదో సవరణ కావలసి వచ్చి డిస్కు పెట్టాను. తెరుచుకోలేదు. తీసి వెలుతురుకు పట్టి చూస్తే గంధం ఆరిన చోట వెండి పొర ఊడిపోయి, అవతలి కిటికీ కనిపించింది. అప్పుడు తెలిసింది నాకు, అక్షరాలన్నీ ఆ పైపొర కిందే ఉంటాయని. ఖరీదైన డిస్కుల మీద మందపాటి పూత అందుకే. మెరిసే వైపు ఉన్నదంతా గట్టి ప్లాస్టిక్. గీత పడితే పాలిష్ పెట్టుకోవచ్చు. పదకొండింటిలో నాలుగు పోయాయి.

యజమాని కేకలు కింద సిమెంటు దుకాణం దాకా వినిపించాయి. "ఎవరు తుడిచారు?" అన్నారు. "నేనే సార్," అంది ఆయా. నా వైపు చూడను కూడా చూడలేదు. నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన గదిలోకి వెళ్లి అంతా చెప్పేశాను. చవక డిస్కులు ఎంచింది నేను, ఒకే కాపీ తీసింది నేను, బొట్టు ఏ వైపు పెట్టాలో చెప్పింది కూడా నేనే అన్నాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆయన శాంతంగా విన్నారు. "మీ నిజాయితీ నచ్చిందమ్మా. కానీ క్లయింటుకు ఏదో ఒక చర్య చూపించాలి కదండీ. మిమ్మల్ని పంపేస్తే సర్వర్ ఎవరు చూస్తారు? ఆయా అంటే రేపు ఇంకొకరు దొరుకుతారు."

అయితే నేనూ మానేస్తానని అనాల్సింది. అనలేదు. "సరే సార్" అని బయటికొచ్చాను. ఆ రోజే ఆయాను పనిలోంచి తీసేశారు. ఆ "సరే సార్" తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు ఒళ్లు మండుతుంది.

పెట్టెల్లోంచి కార్డులు మళ్లీ తీసి, నాలుగు డిస్కుల పనీ మూడు వారాల్లో చేసేశాం. ఈసారి బంగారు రంగు డిస్కులు, రెండేసి కాపీలు. క్లయింటు మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. నా ఉద్యోగం పర్మినెంటు అయింది.

సంక్రాంతి దాటాక ఒక మధ్యాహ్నం రోడ్డు పక్కన లేస్తున్న కొత్త భవనం దగ్గర ఆయా కనిపించింది. తల మీద ఇసుక తట్ట. నన్ను చూసి తట్ట దించి, కొంగుతో మొహం తుడుచుకుంటూ తనే దగ్గరికొచ్చింది.

"బాగున్నవా బిడ్డా? పరేషాన్ ఉంటివి ఆ దినం. గా డిస్కులల్ల పోయినయన్ని ఏమాయె?"

"మళ్లీ టైపు చేశామక్కా. అన్నీ వచ్చేశాయి."

"అన్నీనా?"

"అన్నీ."

ఆమె మొహం నిజంగానే తేలికపడింది. ఇన్నాళ్లూ ఆ బరువు మోస్తూనే ఉందని అప్పుడు అర్థమైంది నాకు. అమాయకంగానే అడిగింది.

"అన్నీ అచ్చినంక, మరి నన్నెందుకు పిలువలే?"

ఈసారి నోరు మూసుకోలేదు. "తప్పు నాదక్కా. నన్ను తీసేయలేక నిన్ను తీసేశారు. తెలిసీ నేను ఊరుకున్నాను," అన్నాను.

కోపగించుకుంటుందనుకున్నాను.

"గా మాట నాకు అప్పుడే చెప్పకపోతివి. నేనే పాడు జేసిననని ఇంట్ల బిడ్డకు సుత చెప్పుకోలే," అని, వంగి తట్ట ఎత్తుకుంది.