దబ్బనంతో కుట్టిన పుస్తకాలు

బడి తెరవడానికి రెండు వారాలు ఉందనగా, ఒక ఆదివారం పొద్దున మా తాత చనిపోయాడు. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, మంచం మీద వాలినవాడు మళ్లీ లేవలేదు. ఆయన మీద నాకున్న కోపం అప్పటికి తీరలేదు. ఇప్పటికీ తీరలేదు. అయినా ఆయన గురించి మీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

తాత వరంగల్ మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు బస్తాల మూతులు కుట్టాడు. పని మానేశాక ఆ చేతులకు దొరికింది నా పుస్తకాలే. జూన్ వస్తే అందరి పుస్తకాలకూ అట్టలు పడేవి, నా పుస్తకాలకు కుట్లు పడేవి. బస్తాలు కుట్టే పెద్ద సూది, దబ్బనం. అందులో యార్డు నుంచి తెచ్చుకున్న సుతిలి తాడు. పుస్తకాన్ని అట్టతో సహా వెన్ను వైపు ఈ చివర నుంచి ఆ చివరకు బిగించి కుట్టేసేవాడు. తర్వాత ఒక్క అట్ట పట్టుకుని గాల్లో ఊపి చూపించేవాడు.

"పుస్తకమైనా బస్తా అయినా మూతి గట్టిగుండాలె బిడ్డా. లోపలి సరుకు కారిపోవద్దు."

కారిపోలేదు, నిజమే. బయటికి కూడా రాలేదు. పుస్తకం సగమే తెరుచుకునేది. కుట్టు పక్కన ఉన్న అక్షరాలు లోపలే ఉండిపోయేవి. మోచేత్తో నొక్కిపట్టి చదవాలి. దానికి తోడు సుతిలికి అంటిన మిర్చి ఘాటు! ఆగస్టు దాకా మా బెంచీలో ముగ్గురం తుమ్మేవాళ్లం. ఆరో తరగతిలో, నాన్న సంతకం చేసిన ప్రోగ్రెస్ కార్డును కూడా లెక్కల పుస్తకంతో కలిపి కుట్టేశాడు. టీచర్ కార్డు అడిగితే పుస్తకం మొత్తం తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను.

"ఇదేందమ్మా?" అంది.

"మా తాత, టీచర్" అన్నాను. క్లాసంతా నవ్వింది.

ఇంటికొచ్చి ఏడిస్తే తాత నన్ను చూడలేదు, కుట్టును చూశాడు. "ఊడిందా?" అన్నాడు. లేదన్నాను. "మరెందుకు ఏడుస్తానవ్?"

ఆయన కుట్టేటప్పుడు నేను తుమ్మితే వంటింట్లోంచి నాయినమ్మ అరిచేది. "ఏమయ్యో, పిల్ల తుమ్ముతాంది. జర బయట కూసోని కుట్టరాదు?" ఆయన కదిలితే కదా! "అయిపోయిందే, ఇంకొక్కటే" అనేవాడు. ఇంకా ఆరు ఉండేవి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఇన్నేళ్లలో నా పుస్తకాల్లో ఒక్క పేజీ ఊడలేదు. నా తర్వాత మా గల్లీలో ఇద్దరు పిల్లలు అవే చదివారు, తుమ్ముతూనే.

ఈ ఏడు నాది పదో తరగతి. సగం తెరుచుకునే పుస్తకాలతో పది పాసవడం నా వల్ల కాదనుకున్నాను. బడివాళ్లు ముందే ఇచ్చిన కొత్త పుస్తకాలను ఇంటికి తేకుండా స్నేహితురాలి ఇంట్లో దాచాను. తాత రోజూ అడిగాడు.

"పుస్తకాలు వచ్చినయా బిడ్డా?"

"ఇంకా రాలే తాతా."

"గింత ఆలస్యమేంది? ఆ బడోళ్లకు జర కూడా ఫికర్ లేదు" అని వారం రోజులు బడిని తిట్టాడు. నేను తలూపాను. తలుచుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. ఆయన మీదా చిరాకే. కాస్త అంచుకు కుట్టు తాతా అంటే వినే మనిషైతే నేనెందుకు దాచేదాన్ని?

దినాలు అయిపోయాక, నిన్న పుస్తకాలు ఇంటికి తెచ్చాను. తాత మంచం పక్కన మేకుకు సుతిలి ముక్కలు వేలాడుతున్నాయి. ఎనిమిది. అన్నీ ఒకే పొడుగు. పుస్తకాలు వస్తాయని ముందే కోసి పెట్టుకున్నాడు.

ఆ మంచం మీదే కూర్చుని దబ్బనం తీసుకుని సైన్స్ పుస్తకం మొదలుపెట్టాను. అంచుకు కుడితే అట్ట చిరిగింది. పట్టు దొరకాలంటే లోపలికే రావాలి. ఈ మాట ఒక్కసారి చెప్తే ఆయన సొమ్మేం పోయేది? విసుగ్గా తాడు లాగేసరికి ఘాటు ముక్కుకెక్కి గట్టిగా తుమ్మాను.

"ఏమయ్యో, పిల్ల తుమ్ముతాంది. జర బయట..."

వంటింట్లో నాయినమ్మ గొంతు ఆగిపోయింది. గిన్నెల చప్పుడూ ఆగిపోయింది.

"బయటికే పోతాన నాయినమ్మా" అన్నాను. పుస్తకాలు, తాళ్లు ఒళ్లో వేసుకుని బయట మెట్ల మీద కూర్చున్నాను. తాడు బర్రుమని లాగే చప్పుడు లోపలికి వినపడేలా ఒక్కో కుట్టే వేస్తూ పోయాను.