రేడియో అన్నది సగం, నేనన్నది సగం

మొన్న నేను చేసిన ఘనకార్యం మీ చెవిదాకా ఇంకా రాలేదంటే ఆశ్చర్యమే. మా పంచాయతీ తీర్మానాల పుస్తకంలో ఒక పేజీ ఉంది. అది రాసింది నేనే, సభలో నిలబడి చదివిందీ నేనే. రేపు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన ఆ పేజీ తిరగేస్తే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఈ టీ తాగేలోపు చెప్పేస్తాను. మీరు నవ్వుకున్నా ఫరవాలేదు గాని, సమితిలో ఉన్న మిగతా గుమస్తాలకి మాత్రం చెప్పకండి. మీరిద్దరూ గుమస్తాలే, ఈ మాట నిలబడదని నాకు తెలుసు. అయినా చెప్పడం నా ధర్మం.

మా ఊరు తెలుసు కదా. బొబ్బిలి రోడ్డు మీద బస్సు దిగి గెడ్డ దాటితే ఊరు. ఎండాకాలం ఆ వాగులో మేకల కాళ్లు కూడా తడవవు. వాన పడిందంటే ఊరు అటు, రోడ్డు ఇటు. పోయిన వానల్లో సూరమ్మ కూతురు నొప్పులతో ఊళ్లో, మంత్రసాని గెడ్డకి అవతల. సాయంత్రం దాకా ఆ గట్టు మీద నుంచి మంత్రసాని కేకలేసి చెబుతుంటే, ఈ గట్టు మీద నుంచి ఆడవాళ్లు ఇంటికి పరుగెత్తి చేశారు కాన్పు. తల్లీ పిల్లా బతికారంటే అది సూరమ్మ కూతురి గట్టితనం, మా పంచాయతీ గొప్ప కాదు.

ఆ రోజు నుంచి మా ప్రెసిడెంటు అప్పలనాయుడు గారు కల్వర్టు, కల్వర్టు అని పట్టుకున్నారు. వరసకి నాకు మావయ్య. ఆఫీసులో ప్రెసిడెంటు గారూ అంటాను, బయట మావా అంటాను. మనిషి కంటే ముందు మీసం కనబడుతుంది. ఆ మీసంతోనే సమితి ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, చెప్పులు అరగ్గొట్టుకుని, చివరికి పని శాంక్షన్ చేయించారు. ఇక ఓవర్సీరు గారు అగ్రిమెంటు కాగితం తేవాలి, ప్రెసిడెంటు సంతకం పెట్టాలి. అంతే మిగిలింది.

సరిగ్గా అప్పుడే ఢిల్లీ కబుర్లు మొదలయ్యాయి. కేంద్రం పంచాయతీలన్నిటినీ మార్చేస్తుందట. ఎలా మారుస్తుందో ఎవరికీ తెలీదు, అందుకే అందరూ చెప్పేవాళ్లే. రెండూళ్లకి ఒక్క పంచాయతీ అని ఒకరు, ప్రెసిడెంటు ఉండడు, కలెక్టరే చూసుకుంటాడని ఇంకొకరు. పేపరు మా ఊరికి మర్నాడు మధ్యాహ్నం బస్సులో గాని రాదు. కాబట్టి నిజం తేల్చవలసింది పంచాయతీ రేడియో.

ఆ రేడియో తాళం నా దగ్గర ఉంటుంది. కరెంటు ఇంకా రాలేదు గనుక బేటరీ మీద నడుస్తుంది. సాయంత్రం వార్తల వేళకి జనం ఆఫీసు ముందు కూర్చుంటారు. కప్పు మీద మైకు ఉంది గాని, రేడియో వాళ్ల తెలుగు మావాళ్లకి సగమే అర్థమవుతుంది. మిగతా సగం నేను వరండాలో నిలబడి చెబుతాను. నిజం చెప్పాలంటే, ఆ పని అంటే నాకు మహా ఇష్టం. నెలంతా రసీదులు రాసేవాడికి రోజూ పది నిమిషాలు ఢిల్లీ తరఫున మాట్లాడే అవకాశం ఎవరిస్తారు?

శుక్రవారం సాయంత్రం రేడియో పెట్టాను. దాని గొంతు నీరసంగా ఉంది. మైకు తీసేసి పెట్టెకి చెవి ఆనించాను. "గ్రామ పంచాయతీల వ్యవస్థలో మార్పులు తేవాలని కేంద్ర ప్రభుత్వం యోచిస్తున్నది. ఇందులో భాగంగా ప్రస్తుత పాలకవర్గాల పదవీకాలం..." తర్వాత గరగర. ఆ గరగరలోంచి ఒక్క ముక్క బయటపడింది. "...గింపు." అంతే, రేడియో మూగబోయింది.

బయట నుంచి అరుపులు. "ఏటన్నాడు బాబూ? మన పంచాయతీ మాటే గదా?"

నా చెవిలో పడింది గింపు. దాని ముందు ఏముండాలి? నా బుర్ర క్షణం కూడా ఆలోచించలేదు. ముగింపు. ఇంకేముంటుంది? కొన్నాళ్లుగా ఊరంతా చెబుతున్నది అదే కదా. బయటికి వచ్చి గొంతు సవరించుకుని, "మన పంచాయతీ పదవీకాలం ముగింపేనట" అన్నాను.

అందరూ ప్రెసిడెంటు గారి వంక చూశారు. ఆయన కుర్చీలో కదల్లేదు. "ఎప్పుట్నించి?" అన్నారు.

తెలీదు అనొచ్చు. సరిగ్గా వినబడలేదు అనొచ్చు. కాని అంతమంది ముందు ఢిల్లీ తరఫు మనిషికి తెలీదంటే ఏం బావుంటుంది? "వెంటనే" అన్నాను.

ఆ మాట రేడియో అనలేదు. అది పూర్తిగా నా సొంతం. ఇప్పటికీ తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మర్నాడు పొద్దున్నే మా ఆఫీసు ముందు ఎడ్లబండి ఆగింది. బండిలో ఆఫీసు కుర్చీ ఒకటి, బెంచీ ఒకటి, పెట్రోమాక్స్ లైటు, మూత లేని సిరాబుడ్డి. అన్నీ ప్రెసిడెంటు గారి ఇంట్లో ఉండిపోయిన పంచాయతీ సామాన్లు. ఆయన రబ్బరు స్టాంపు నా చేతిలో పెట్టి, "నెక్క సూసుకో. రేపు నాయుడు బెంచీ తినీసినాడు అనకూడదు" అన్నారు.

"అదేటి మావా, ఆర్డరు రానీ" అన్నాను.

"ఎంటనే అన్నావు గదరా."

బండిలో వెనక అత్త పైడమ్మ, మూటా ముల్లే. రోడ్డు మీద బస్సెక్కి శ్రీకూర్మం వెళుతున్నారట. మావయ్య తండ్రికి అక్కడ చెయ్యాల్సిన కర్మ ఒకటి ఏళ్ల తరబడి వాయిదా పడిందట. "పదవి ఉన్నన్నాళ్లూ తీరిక నేదు. ఇప్పుడు కావలసినంత తీరిక" అన్నారాయన. గొంతులో కోపం లేదు. ఉంటే బావుండును, నాకు ఇంత సిగ్గు వేసేది కాదు.

బండి కదలబోతుండగా ఓవర్సీరు గారు సైకిలు దిగారు. చేతిలో కల్వర్టు అగ్రిమెంటు. "ప్రెసిడెంటు గారూ, ఒక్క సంతకం" అన్నారు.

"నాను పెసిడెంటుని కాను బాబూ. పదవి పోనోడు సంతకం ఎడితే జైలే. మీరూ నానూ ఇద్దరం ఎల్తాం."

"ఎవరు చెప్పారండీ? మాకు సర్క్యులర్ ఏమీ రాలేదే."

బండిలో ఉన్న మనుషులిద్దరూ, ఎద్దులు రెండూ కూడా నా వంకే చూసినట్టనిపించింది. "రేడియోలో చెప్పారు" అన్నాను, నాకే వినబడనంత మెల్లగా.

ఓవర్సీరు గారు ఆఫీసు ఎదురుగా ఉన్న గెడ్డ వంక చూశారు, కాగితం వంక చూశారు. "సోమవారం పొద్దున్నకి సంతకంతో సహా ఈ కాగితం ఆఫీసులో ఉండాలి. లేకపోతే ఈ పని ఇంకో ఊరికి పోతుంది, తర్వాత నన్నని ప్రయోజనం లేదు" అని కాగితం నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. ప్రెసిడెంటు గారు అది విన్నారు. విని, "మన ఊరి రాత" అని బండి తోలించుకుపోయారు.

మధ్యాహ్నం బస్సులో పేపరు వచ్చింది. మొదటి పేజీలో కింది మూల ఉంది. పంచాయతీ పాలకవర్గాల పదవీకాలం పొడిగింపు.

పొడిగింపు!

ఆ రెండక్షరాలనే చూస్తూ పేపరు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. ఉన్న ప్రెసిడెంటుకి ఇంకొంత కాలం ఉండమని ఢిల్లీలో ఆలోచిస్తుంటే, నేను వరండాలో నిలబడి దింపేశాను. మా ఊరి చరిత్రలో ఎన్నిక లేకుండా ప్రెసిడెంటుని మార్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆదివారం మొదటి బస్సెక్కాను. ఒళ్లో అగ్రిమెంటు కాగితం, జేబులో స్టాంపు. బొబ్బిలిలో మారి, శ్రీకాకుళంలో మారి, శ్రీకూర్మం చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. దారి పొడుగునా ఒకటే గుబులు. ఆయన దొరక్కపోతే సూరమ్మకి ఏం చెప్పాలి? దొరికితే ఆయనకి ఏం చెప్పాలి?

సత్రం అరుగు మీద అత్త కూర్చుని కనబడింది. పక్కన ఎవరో ముసలాయన తలకి తువ్వాలు కట్టుకుని వెనక్కి తిరిగి ఉన్నాడు. "అత్తా, మావేడీ?" అన్నాను.

ముసలాయన ఇటు తిరిగాడు. మీసం లేదు.

మావయ్యే. కర్మ చేసేముందు క్షవరం చేయించుకోవాలి కదా. ఇన్నేళ్లూ ఆ కర్మ వాయిదా పడింది ఎందుకో నాకప్పుడు తెలిసింది. తీరిక లేక కాదు. మీసం తీస్తే సమితి ఆఫీసులో ఎవరు లెక్కచేస్తారని.

"ఏటిరా ఇలాగొచ్చినావు?" అన్నారు. మీసం లేని ఆ మొహంలో మాట కూడా చిన్నదైపోయినట్టుంది.

పేపరు చేతికిచ్చాను. చదివారు. మళ్లీ చదివారు. చెయ్యి దానంతటదే మీసం దువ్వడానికి పైకి వెళ్లి, అక్కడేమీ లేక కిందికి దిగింది. అది చూశాక నాకు ఏడుపు ఆగలేదు. నేను ముప్ఫై ఏళ్లవాణ్ణి, సత్రం ముందు నిలబడి ఏడ్చాను.

"మరి ముగింపు అన్నాడని సెప్పినావు?"

"గింపు అన్నాది ఇనబడింది మావా. ముందు మాట ఇనబడ్నేదు."

"ఎంటనే అన్నావు?"

"అది నానే అన్నాను."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. తర్వాత చెయ్యి చాపారు. కొడతారనుకుని కళ్లు మూసుకున్నాను. "కాయితం ఇటు తే. నీ సెవి సేసిన తప్పుకి కల్వర్టు ఎందుకు పోవాల?" అన్నారు. అరుగు మీదే సంతకం పెట్టారు. నేను స్టాంపు మీద ఊది ఊది తడిచేసి పక్కన గుద్దాను.

అక్కడితో ఊరుకుంటే బావుండేది. హమ్మయ్య అనుకుని, "నా తప్పేటి నేదు మావా, బేటరీ అయిపోనాది" అన్నాను.

"బేటరీయా? పోయిన నెలే గదా కొత్తది ఏసినాం. రోజుకి పది నిమషాల వార్తలకి అప్పుడే ఎలాగ అయిపోతాది?"

అత్త అప్పటిదాకా మూట సర్దుకుంటోంది. తల ఎత్తకుండానే అంది.

"మద్దేన్నం పూట తలుపులేసుకుని రేడియోలో సిలోను పాటలు ఇంతాడు గదా. నాను గెడ్డకి ఎల్తన్నప్పుడల్లా ఇనబడతాయి. మా బాగుంటాయి."

అదీ అసలు సంగతి. నెలరోజులుగా మధ్యాహ్నం అన్నం తిన్నాక పంచాయతీ బేటరీ మీద పాటలు విన్నది నేను. పాటల్లో ఒక్క అక్షరం పోలేదు. పోయిందల్లా ఢిల్లీ మాటలో రెండక్షరాలు, మావయ్య మీసం.

సోమవారం పొద్దున్న సమితి ఆఫీసు తలుపులు తియ్యకముందే కాగితం పట్టుకుని నిలబడ్డాను. ఓవర్సీరు గారు తీసుకున్నారు. పంట నూర్పులు అయ్యాక పని మొదలవుతుంది. ఆ విషయంలో మాత్రం ఆ రాత్రి నుంచి నాకు నిద్ర పడుతోంది.

పంచాయతీ మీటింగు మొన్న బుధవారం. ప్రెసిడెంటు గారు మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకునే కూర్చున్నారు. "రాయి" అన్నారంతే. నేను కలం తీశాను. ఆయన చెబుతుంటే నా చేత్తోనే రాశాను: పంచాయతీ రేడియో తాళం చెవి గుమస్తా గారి వద్ద ఉంచరాదనియు, ఇకమీదట శ్రీమతి పైడమ్మ గారి వద్ద ఉంచవలెననియు, ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.

మీకు తెలీనిది కాదు, మా పంచాయతీలో పెంటకుప్ప జరపాలన్నా ముగ్గురు కాదంటారు. నేను వచ్చాక ఏకగ్రీవం అన్న మాట రాయడం అదే మొదటిసారి. రాసింది చదివి వినిపించమన్నారు. నిలబడి చదివాను. వెనక బెంచీ నుంచి సూరమ్మ లేచింది.

"సివర్న ఏదో గీవం అన్నావు. ముందు మాట ఇనబడ్నేదు బాబూ, ఇంకోపాలి సదువు."

మూడుసార్లు చదివించారు. మూడుసార్లూ ఉన్నది ఉన్నట్టే చదివాను, నా సొంత మాట ఒక్కటి కూడా కలపలేదు.