ఖరీదైన కేబులూ, రెండు కంచు గిన్నెలూ

నెల్లిమర్లలో ఇంటర్ పిల్లలకు ఏళ్ళ తరబడి ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి నేను. అందుకే ఈ సంగతి రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది. నెల పెన్షన్‌లో సగం పైచిలుకు పోసి మూరెడు డిజిటల్ కేబుల్ కొన్నాను. నల్ల మఖ్మల్ సంచిలో, ఆ సంచి అట్టపెట్టెలో, పెట్టెలో ఒక ధ్రువపత్రంతో సహా వచ్చింది. నా పెళ్ళికి పెట్టిన ఉంగరం కూడా అంత మర్యాదగా రాలేదు.

ఆ కేబుల్ చేసే పని ఇంతే. ప్లేయర్ పాటను అంకెలుగా పంపుతుంది, కేబుల్ ఆ అంకెల్ని పక్కనున్న పెట్టెకు చేరుస్తుంది, పెట్టె వాటిని మళ్ళీ ధ్వనిగా మారుస్తుంది. అంకెలు చేరితే చేరినట్టు, లేకపోతే లేనట్టు. కేబుల్ పాడైతే పాట టకటకలాడుతుంది, ఆగిపోతుంది. అంతేగాని పాటలో ఒక వాయిద్యాన్ని మాత్రం ఏరి పక్కన పడేసే తెలివి ఏ కేబుల్‌కీ లేదు. ఇదివరకు నాతో పనిచేసిన మేష్టారొకాయన ఇలాంటిదే కొన్నాడని తెలిసి, టీకొట్టు దగ్గర ఆయన్ని నిలబెట్టి అరగంట వాయించాను. పాపం, ఆయన టీ చల్లారిపోయింది.

అంత తెలిసినవాణ్ణి నేనెందుకు కొన్నానంటే, మా ఆవిడ కోసం.

మా ఆవిడ నా మేనమామ కూతురు. నరసన్నపేటలో మావయ్యది కంచు, ఇత్తడి సామాన్ల కొట్టు. ఆడపిల్ల సారెలోకి కంచు గిన్నెలు కొనడానికి వచ్చినవాళ్ళకు ఆయన వాటిని ఊరికే కట్టి ఇచ్చేవాడు కాదు. ప్రతి గిన్నెనూ వేలి గణుపుతో కొట్టి వినేవాడు. మంచి కంచు ఖంగుమని చాలాసేపు మోగుతుంది. కంటికి కనబడని సన్న బీట ఉన్నా సరే, మోత పుట్టగానే చచ్చిపోతుంది. అలాంటిది పక్కన పెట్టేసేవాడు. మా ఆవిడకు ఆరేడేళ్ళు వచ్చేసరికి ఆ పని ఆమెది అయింది. గల్లాపెట్టె పక్కన పీట మీద కూర్చుని, గిన్నెకు ఒక్క దెబ్బ కొట్టి, తల ఊపడమో అడ్డంగా తిప్పడమో. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు "పాప చేత కొట్టించి ఇవ్వండి" అని అడిగి మరీ తీసుకెళ్ళేవారు. పెళ్ళై విజయనగరం వచ్చాక కూడా, ఎవరింట్లో పెళ్ళి సామాను కొన్నా ముందు మా ఇంటికి తెచ్చి ఆమెకు వినిపించడం బంధువుల్లో ఆనవాయితీ. ఆమె చెవి గురించి ఆమెకు కొంచెం గర్వం. నాకు ఇంకా ఎక్కువ.

కంచు కొట్టువాళ్ళ ఇంట్లో ఒక అలవాటు ఉంటుంది. మోత సరిగ్గా లేకపోతే గిన్నెదే లోపం. విన్నవాళ్ళ చెవి మీదకు ఎవరి ధ్యాసా పోదు. ఆ లెక్కన రెండేళ్ళలో మా ఇంట్లో కాలింగ్ బెల్ మారింది, కుక్కర్ విజిల్ రెండుసార్లు మారింది, ఆమె ఫోన్ మారింది. అన్నం ముద్దయిన రోజున ఆమె కుక్కర్‌ని తిట్టేది. "ఇప్పటి సామాను ఏటీ బావులేదు" అనేది. నేనూ తలాడించి బజారుకు వెళ్ళేవాణ్ణి.

తర్వాత పాట దగ్గరకు వచ్చింది. పొద్దున్నే కాఫీతో పాటు మేము వినే పాత భజన ఒకటుంది. మృదంగం, హార్మోనియం, వాటి మీద కంచు తాళాలు. ఆ తాళాలంటే ఆమెకు ప్రాణం. ఎక్కడో ఎవరో వాయించినవి అయినా, వాళ్ళ కొట్లో అమ్ముడైనవే అన్నట్టు మురిసిపోయేది. ఒకరోజు కాఫీ గ్లాసు పక్కన పెట్టి అడిగింది.

"బావా, ఇందులో తాళాలు ఏటైపోనాయి?"

తాళాలు ఎక్కడికీ పోలేదు. నా చెవిలో గణగణ మోగుతూనే ఉన్నాయి. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. మింగేశాను. కేబుల్ పాతదైపోయిందిలే, మంచిది తెప్పిస్తానన్నాను. నా జీవితంలో ఏ తరగతి గదిలోనూ అంత తప్పు మాట చెప్పలేదు.

కొత్తది వచ్చాక తగిలించి, ఆమెను కూర్చోబెట్టి పాట పెట్టాను. ఆమె పాట వైపు కాదు, నా మొహం వైపు చూసింది. చూసి, "ఇప్పుడు బావున్నాది" అంది. నేను మొహం చాటంత చేసుకున్నాను. ఆమె అబద్ధం చెబుతోందని నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకు తెలుసో లేదో తెలీదు. మొత్తానికి ఇద్దరం ఆ కేబుల్‌ని తెగ మెచ్చుకున్నాం.

ఆ ఊపులో నేను ఫోన్‌లో మావయ్య దగ్గర తాళాల సంగతీ, కేబుల్ సంగతీ నోరు జారాను. ఎనభై దాటినా రోజూ కొట్టు తెరిచే మనిషి. ఆ ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, చేతిసంచితో దిగిపోయాడు. విజయనగరంలో ఎవరి పెళ్ళికో వచ్చాడట. టిఫినైనా కానివ్వకుండా ఆ వైరేదో చూపించమన్నాడు. మూరెడు వైరు చూసి, దాన్ని చేతిలో తూచి, పక్కన పెట్టాడు. ఏ సరుకైనా ఊరూ పేరూ చెప్పకుండా పరీక్ష పెట్టాలన్నది ఆయన వ్యాపార ధర్మం. భుజం మీది తువ్వాలు తీసి నా చేతికిచ్చాడు.

"ఒరే అల్లుడూ, ఇది కప్పెట్టి లోపల మార్సు. పాతదో కొత్తదో పిల్ల సెప్తాది" అన్నాడు.

యాభై ఎనిమిదేళ్ళ మా ఆవిడ ఆయనకు ఇప్పటికీ పిల్లే. నేను తువ్వాలు కింద చేతులు పెట్టి, ఒకసారి పెట్టెతో ఊరికే వచ్చిన పాత కేబుల్, ఒకసారి కొత్తది తగిలించాను. మూడోసారి మార్చినట్టు నటించి అదే ఉంచేశాను. ఆమె ప్రతిసారీ ముందు నా కళ్ళలోకి చూసి, తర్వాత జవాబు చెప్పింది. ఒక జవాబు సరిపోయింది, మిగతా రెండూ తప్పాయి. మావయ్య మొదట నవ్వాడు, నా డబ్బు దండగైందని. అందులో ఆయన తప్పేం లేదు, నాకే తేడా తెలియలేదు. కానీ తర్వాత ఆయన నవ్వు ఆపి కూతురి వైపే చూస్తూ కూర్చున్నాడు.

కాసేపటికి చేతిసంచిలోంచి రెండు కంచు గిన్నెలు తీశాడు. పెళ్ళివారికి ఇవ్వాల్సినవని, ఓసారి చూడమని ఆమె ముందు పెట్టాడు. ఆమె మొదటిదాన్ని కొట్టింది. ఖంగుమంది. రెండోది కొట్టింది. దాని మోత పుట్టీ పుట్టగానే పోయింది. వంటగదిలో ఉన్నవాళ్ళకైనా తెలుస్తుంది అది బీట వారిందని.

"రెండూ బావున్నాయి నాన్నా" అంది.

నేను నేల వైపు చూశాను. మావయ్య గిన్నెలు వెంటనే సంచిలో పెట్టుకోలేదు. ఆ కాస్త ఆలస్యం చాలు ఆమెకు. కొట్లో పెరిగిన మనిషి కదా. ఆమె చేతులు ఒళ్ళోకి తీసుకుంది. రెండేళ్ళుగా నేను దాచింది ఇంత చిన్న గిన్నె బయటపెట్టేసింది.

మావయ్య మెల్లగా లేచి వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. బీట గిన్నెను ఆమె ఎడమచేతి మూడు వేళ్ళ కొసల మీద నిలబెట్టి, తన గణుపుతో కొట్టాడు. తర్వాత మంచిదాన్ని అలాగే నిలబెట్టి కొట్టాడు.

"వేళ్ళకి తెలస్తన్నాదా?"

ఆమె తల ఊపింది. మొదటిది వణికి ఆగిపోయిందట. రెండోది ఇంకా వణుకుతూనే ఉందట.

"నాకు మోత ఇనబడక పదేళ్ళయిపోనాదే. మాటలినబడతాయి, మోత ఇనబడదు. సెవి కాడ ఎట్టుకునేది గిరాకీ కోసం. సూసేది వేళ్ళతోనే" అన్నాడు. "ఒక్క బీట గిన్నైనా నా కొట్టు దాటిందా సెప్పు. ఇదొక్కటీ నీ కోసమని ఏరి తెచ్చినాను."

ఆమె ఏడవలేదు. గిన్నెను వేళ్ళ మీద అలాగే ఉంచుకుని నా వైపు తిరిగింది.

"తాళాలు నీకు ఇనబడతన్నాయా బావా?"

"ఇనబడతన్నాయే."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ."

పోట్లాడుతుందనుకున్నాను. "మరి అన్నన్ని డబ్బులెట్టి కేబులెందుకు కొన్నావు" అని మాత్రం అడిగింది. ఆ మాట నీకు చెప్పే ధైర్యం లేక కొన్నానన్నాను. ఆమె నా మోకాలి మీద ఒక్కటి వేసి, తండ్రికి ఉప్మా పెట్టడానికి లేచింది.

చెవి డాక్టరుకు చూపించాం. చెవికి మిషన్ పెట్టారు. కుక్కర్ విజిల్ వినబడుతోంది, అన్నం పొడిపొడిగా వస్తోంది. పాట మాత్రం మిషన్‌తో గీపెట్టినట్టుందని, ఆ కాసేపూ తీసేస్తుంది. పాత కేబులే తగిలించాను. కొత్తదాని మఖ్మల్ సంచిలో ఆమె మిషన్ బ్యాటరీలు దాచుకుంటోంది. ఆ కేబుళ్ళకు అంత ఖరీదు దండగేనా అని ఎవరైనా అడిగితే, సంచి బాగుందని చెబుతున్నాను.

మొన్న ఒక పొద్దున్న భజన పెట్టి, ఆమె అరచేయి నా చేతిలోకి తీసుకున్నాను. తాళం పడినప్పుడల్లా అందులో వేలితో కొడదామని. నాలుగు దెబ్బలు కొట్టానో లేదో, ఆమె కళ్ళు తెరిచింది.

"ఆలస్యంగా కొడతన్నావు బావా."

వినబడినప్పుడే కదా కొట్టాలి అన్నాను. విన్నాక కొడితే అది తాళం కాదంది. నా చేయి తిప్పి, అరచేతిలో తన వేలు పెట్టి, కళ్ళు మూసుకుని తనే మొదలెట్టింది. ఆమె చెవికి మిషన్ లేదు, మృదంగం అందుతుందేగాని తాళాలు అందవు. పాటలో తాళం సరిగ్గా ఆమె వేలు తగిలిన క్షణానే మోగింది. తర్వాతదీ అంతే, ఆ తర్వాతదీ అంతే. పాట అయిపోయేదాకా ఒక్కటి తప్పలేదు. నేను చేయి కదల్చకుండా కూర్చుని విన్నాను.