స్నానానికి ముందు కొలత

తెల్లవారుజామున కాలిపర్ పెట్టె మూత తీస్తే కొబ్బరినూనె వాసన వస్తుంది. ఒంటి మీది కొవ్వును మడత పట్టి కొలిచే, పటకారులాంటి పనిముట్టు అది. గోదావరి గాలికి స్ప్రింగు తుప్పు పడుతుందని సత్తిబాబుగారు దానికి కొబ్బరినూనె రాసేవారు. మిషన్ ఆయిల్ అయితే మంచిదండీ అని జిమ్‌కు వచ్చేవాళ్లు నాకు సలహా ఇస్తుంటారు. మంచిదే అయ్యుంటుంది. నేను మాత్రం కొబ్బరినూనే రాస్తాను. ఆ వాసన రానిదే నా వేళ్లకు పని మొదలైనట్టు ఉండదు.

సత్తిబాబుగారిని చూడనివాళ్లకు ఆయన గురించి ఎలా చెప్పాలి? పొట్టి మనిషి, లావు మెడ, పెద్ద గొంతు. రాజమండ్రిలో గోదావరి గట్టుకు దగ్గర్లో, వాళ్ల నాన్న వలలు దాచుకున్న రేకుల షెడ్డులోనే జిమ్ పెట్టారు. చేపల వేటకు వెళ్లే ఇంట్లో పుట్టి, బరువులెత్తి పోటీలకు తిరిగి, ఆ తర్వాత కోచింగు నేర్చుకున్న మనిషి. నేనేమో పురోహితుణ్ణి. మావాళ్లు కోనసీమ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మా ఇద్దరికీ పరిచయం కావాల్సిన అవసరం ఏ కోశానా లేదు. నా షుగరే కలిపింది.

మా నాన్నగారికీ అదే జబ్బు. చివరికి కాలు తీసేశారు. పీట మీద మఠం వేసుకుని కూర్చోలేని పురోహితుణ్ణి ఎవరు పిలుస్తారు? ఆయన చివరి రోజులన్నీ వీధి అరుగు మీద కుర్చీలో, ఇంకెవరో చదువుతున్న మంత్రాలు వింటూ గడిచాయి. అందుకే నా రక్తపరీక్ష చూసి డాక్టరుగారు పొట్ట తగ్గించమన్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ కుర్చీ. తమాషా ఏమిటంటే, నేను లావని ఎవరూ అనుకోలేదు. కాళ్లూ చేతులూ పుల్లలు. తూకం ఎక్కితే ఎత్తుకు సరిపడా బరువే. ఉత్తరీయం జారితే మాత్రం బొజ్జ. మా వృత్తిలో అది లోపం కాదు, నిండుదనం. "పంతులుగారు లక్షణంగా ఉన్నారు" అంటూ ఇంకో గరిటెడు నెయ్యి వడ్డించేవారు.

మొదటిరోజు సత్తిబాబుగారు నన్ను తూకం ఎక్కించి పెదవి విరిచారు. "బరువుదేముందండి పంతులుగారూ! అందులో కండెంతో కొవ్వెంతో అది చెప్పదు కదండి." తర్వాత కాలిపర్ చూపించి, "దీంతో కొలవాలంటే నేను మిమ్మల్ని పట్టుకోవాలండి. జంధ్యం పక్కకి తీసుకోవాలి. ఇబ్బందైతే ఇప్పుడే చెప్పెయ్యండి, నేనేం అనుకోను" అన్నారు. నేను జంధ్యం పక్కకు జరుపుకున్నాను. బొడ్డు పక్కన, వీపు రెక్క కింద, జబ్బ వెనక, తొడ మీద ఆయన రెండు వేళ్లతో చర్మాన్ని కండ నుంచి విడదీసి పైకి లాగి, ఉక్కు దవడలు తగిలించి, డయలు మీద ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టేవారు. ఒకసారి కొలిచినచోట మళ్లీ కొలిచి, రెండూ కలిస్తేనే నమ్మేవారు.

"ఈసారి నుంచి స్నానానికి ముందే రండి. వేణ్ణీళ్లు పోసుకుని వస్తే చర్మం ఉబ్బుద్దండి, లెక్క తప్పుద్ది. ఎక్సర్‌సైజు చేశాక కొలిచినా అంతే. ఎప్పుడైనా నా చెయ్యే కొలవాలి. చెయ్యి మారితే పట్టు మారిపోద్ది."

ఆ నియమం ఇంట్లో కూడా నాకు పనికొచ్చింది. నాకు మంత్రం నేర్పింది మా పెదనాన్నగారు. నేను వెళ్లే ఇళ్లన్నీ ఆయన చూపించినవే. ఆయనకు ఈ వ్యవహారం బొత్తిగా నచ్చలేదు. "వాడెవడో నిన్ను గిల్లడమేంట్రా రామం? మడి ఏమైపోను?" అన్నారు. "స్నానానికి ముందే కదండి, ఇంటికొచ్చి తలారా పోసుకుంటాను" అన్నాను. ఆయన గొణుక్కుని ఊరుకున్నారు. ఈ సంగతి సత్తిబాబుగారికి ఎలాగో తెలిసింది. "మా లెక్కకీ మీ మడికీ భలే కుదిరిందండి" అని నవ్వారు. ఆ నవ్వులో చిన్న ముల్లు ఉంది. నేను కదపలేదు.

త్వరగా తగ్గాలని ఉపవాసాలు పెంచాను. ఏకాదశికి తోడు సోమవారాలు, శనివారాలు. తూకం బాగా దిగింది. గర్వంగా వెళితే, కాలిపర్ కింద బొడ్డు పక్క మడత అలాగే ఉంది. టేపు చుడితే జబ్బ మాత్రం సన్నబడింది. "తగ్గింది కండండి. కొవ్వు మీ దగ్గరే భద్రంగా ఉంది" అన్నారు. నాకు ఉక్రోషం వచ్చింది. నీళ్లు కూడా ముట్టని ఏకాదశి మర్నాడు, మెయిన్ రోడ్డులో ఒక పెద్ద జిమ్‌కు వెళ్లి, వట్టి కాళ్లతో నిలబడితే ఒంట్లో కొవ్వు శాతం చెప్పే కరెంటు మిషన్ ఎక్కాను. బరువు తగ్గిందట, కొవ్వు శాతం పెరిగిందట! నేరుగా షెడ్డుకొచ్చి పడ్డాను.

సత్తిబాబుగారు పడీ పడీ నవ్వారు. "నీళ్లు తాక్కుండా ఎక్కారా? అది ఒంట్లో తడిని బట్టి కొవ్వు లెక్కేస్తదండి. ఎండిపోయిన ఒళ్లు చూసి అదంతా కొవ్వనుకుంది. దాన్ని తిట్టకండి, పాపం దానికి ఏకాదశి తెలీదు."

"ఇప్పుడు గుడ్లు తినమంటారా?" అన్నాను బెదురుగా.

"ఎవరన్నారండి? మా చేపలు మాకుంచండి. మీకు పెసలున్నాయి, శనగలున్నాయి, పాలూ పెరుగూ ఉన్నాయి. పంక్తిలో పప్పు మళ్లీ అడగండి. పూతరేకులు వచ్చినప్పుడు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టండి."

చెయ్యి అడ్డం పెట్టడమే బరువులెత్తడం కన్నా కష్టం. "పెట్టింది తినకపోతే పెట్టినవాళ్లకి చిన్నతనం కాదట్రా?" అని పెదనాన్నగారు దారంతా సణిగేవారు. మొహం పీక్కుపోయిందనీ, లక్షణం పోయిందనీ అన్నవాళ్లున్నారు. పిలవడం మానేసినవాళ్లూ ఉన్నారు. నేను చెయ్యి తీయలేదు. మెల్లగా మడత పలచబడింది, జబ్బ నిండింది, షుగరు దిగింది. నా కాళ్ల మీద నాకు ధైర్యం వచ్చింది.

అలా కొన్నేళ్లు గడిచాక, ఒక వానాకాలం సత్తిబాబుగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి చచ్చుబడింది. షెడ్డుకు వచ్చి కూర్చునేవారు గానీ కాలిపర్ ముట్టలేదు. ఎడంచేత్తో కొలవమంటే, "ఎడం చెయ్యి వేరే మనిషండి" అనేవారు. ఆ కుడిచేతికి పట్టుదలగా వ్యాయామం చేసుకునేవారు. చూడవచ్చినవాళ్లంతా చెయ్యి బాగా కుదురుకుందండీ అని ఓదార్చేవారు. ఆయనకు ఆ ఓదార్పు ఒళ్లుమంట. కండ నిజంగా వస్తోందా లేదా అన్నదే ఆయనకు కావాలి. అది చెప్పే చెయ్యి లేదు.

ఒక ఉదయం వ్రతం చేయించడానికి వెళుతూ షెడ్డు ముందు ఆగాను. ఆయన ఒళ్లో పెట్టె పెట్టుకుని కూర్చున్నారు. "పంతులుగారూ, నా పట్టు మీకు తెలుసు కదండి. ఓసారి నన్ను కొలుస్తారా?" అన్నారు. అప్పుడు నా తడి జుట్టు, బొట్టు, మడిపంచె చూశారు. "ఓ, స్నానం అయిపోయినట్టుందండి. పర్లేదు, రేపు రండి."

ఆ పెద్ద గొంతు అంత చిన్నబోగా నేనెప్పుడూ వినలేదు. నాకు కోపం ముంచుకొచ్చింది. ఆయన మీద కాదు. ఇన్నేళ్లు నా బొజ్జా తొడా పట్టి చూసి నన్ను నిలబెట్టిన మనిషి, తనను ముట్టుకోమని అడగడానికి నా స్నానం వంక చూడాల్సి వచ్చింది. ఉత్తరీయం నడుముకు బిగించి పెట్టె తీసుకున్నాను.

"మొహం చూసి చెప్పకండి, ముల్లు చూసి చెప్పండి" అన్నారు. ఆయన కుడిజబ్బ నా వేళ్ల మధ్య మెత్తగా జారింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో పెదనాన్నగారు. కలిసి వెళ్లాల్సిన వ్రతం, నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

"వెళ్లి స్నానం చేసి రా. నేను ఆగుతాను" అన్నారు.

"స్నానం అయిందండి."

"మళ్లీ చెయ్యి."

"చెయ్యనండి."

"అయితే ఇవాళే కాదు, ఇంకెప్పుడూ నా పక్కన పీట మీద కూర్చోకు."

"నా మూలంగా ఎందుకండి గొడవ" అంటూ సత్తిబాబుగారు లేవబోయారు. "మీరు కదలకండి, లెక్క తప్పుద్ది" అన్నాను. పట్టిన మడత వదల్లేదు. పెదనాన్నగారు వెళ్లిపోయారు. ఎడమ జబ్బ కూడా కొలిచి, టేపు చుట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కుడివైపు కొవ్వు మిగిలింది, కండ బాగా పోయింది.

"ఇన్నాళ్లకి ఒకళ్లు నిజం చెప్పారండి. ఆ చిన్న డంబెల్ ఇలా ఇవ్వండి" అన్నారు.

ఎండాకాలానికి ఆ జబ్బ టేపుకు కాస్త తెలిసేంత పెరిగింది. ఆ తర్వాత ఆయన గుండె ఆగిపోయింది. చివరివరకూ ఆ చెయ్యి ఆయన మాట వినడం నేర్చుకుంటూనే ఉంది. వాళ్లావిడ పెట్టె, షెడ్డు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. పెదనాన్నగారు చూపించిన ఇళ్లు పెదనాన్నగారితోనే ఉండిపోయాయి. నన్ను పిలిచే ఇళ్లు తక్కువే. ఆ తక్కువ ఇళ్లలో మఠం వేసుకుని ఎంతసేపైనా కూర్చుంటాను.

తెల్లవారుజామున ఆ షెడ్డు ఇప్పుడు నేనే తీస్తాను. కొలిపించుకునేవాళ్లు స్నానం చేసి రాకూడదు. కొలిచేవాడికి ఆ నియమం లేదు. అందుకని నేను తలారా స్నానం చేసి, బొట్టు పెట్టుకుని వస్తాను. చేపల మార్కెట్టుకు వెళ్లాల్సినవాళ్లు, ఆఫీసులకు వెళ్లాల్సినవాళ్లు ఎవరొచ్చినా చేత్తో పట్టి కొలిచి, ముల్లు చూసి నిజం చెబుతాను. పెట్టె మూసి, అక్కణ్ణుంచి తిన్నగా పూజకు వెళతాను.