మొదటి ముద్ద సోంబరు తాతది

సోంబరు తాతకు ఉన్నది ఒక్కటే అలవాటు. ఊళ్ళో ఎవరి పొయ్యి మీద ఏది ఉడికినా మొదటి ముద్ద ఆయన నోట్లో పడాల్సిందే. పెళ్ళిలో పెళ్ళికొడుకు కన్నా ముందు తింటాడు. చావింట్లో మోసినవాళ్ళ కన్నా ముందు తింటాడు. కొత్తల పండక్కి కొత్త గింజ వండి దేవతకు పెట్టాక తర్వాతి వంతు ఆయనదే, మధ్యలో పూజారికి కూడా సందివ్వడు. దేవతనైనా ముందు తిననిస్తున్నాడు, అదే పదివేలు అనుకునేవారు హుకుంపేట దగ్గరున్న ఆ చిన్న కొండ ఊరివాళ్ళు.

తినడం కూడా అందరిలా తినడు. ముద్ద నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంటాడు, చూపుడు వేలు పైకెత్తుతాడు. ఆ వేలు దిగేదాకా ఎవరూ తినకూడదు, ఎవరూ మాట్లాడకూడదు. ఆయన ఎక్కడికో వెళ్ళిపోతాడు. కొండ మీంచి మంచు దిగి, వలిసె పూల పసుపునంతా కప్పేసి, మళ్ళీ మెల్లగా విడిపోయినా ఆయన మాత్రం తిరిగి రాడు. చివరికెప్పుడో వేలు దించి తీర్పు చెబుతాడు. ఈ తేనె పెట్టిన ఈగ ముసలిది, ఎండలో చాలా దూరం ఎగిరింది అంటాడు. ఈ దుంప రాయి పక్కన పెరిగింది, రాత్రిళ్ళు ఆ రాయితో కబుర్లు చెప్పేది అంటాడు. కాదనడానికి ఈగా రాదు, రాయీ రాదు. పిల్లలు పడీపడీ నవ్వి, ఆ నవ్వుతోనే గిన్నెలు ఖాళీ చేసేవారు.

అంగన్‌వాడీ టీచరు కృపావతికి ఈయనతో రోజూ గొడవే. ఆమె ఆ ఊరి పిల్లే. మధ్యాహ్నం పిల్లలకు వడ్డించే వేళకు తాత గుమ్మంలో సిద్ధంగా ఉండేవాడు.

"ఏటి తాతా, పిల్లల కూటికి రోజూ అడ్డం పడతావు?"

"వొచ్చేసినాను గదే గుంటా, ఎయ్యి."

ఒకసారి తనిఖీకి వచ్చిన సూపర్‌వైజరు, ఈ లబ్ధిదారుడి వయసెంత అని కళ్ళజోడు సవరించుకుని అడిగింది. పళ్ళ లెక్కన చూస్తే ఇంకా ఏడాది నిండలేదండి అని కృపావతి జవాబు చెప్పింది. ఆ మాటకు తాత మురిసిపోయి ఆ రోజు రెండు ముద్దలు తిన్నాడు.

ఆ ఏడు వానలు వెనకపట్టాక సంతలో ఒక కబురు పాకింది. కొండల కింద మైదానంలో ఒక పరిశోధన రియాక్టరు ఉంది. దాని పొగగొట్టంలోంచి వానాకాలంలో ఒకరోజు రేడియోధార్మిక గాలి మామూలు కన్నా ఎక్కువ బయటికి వచ్చిందట. ఎంత వచ్చిందో, ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. భయపడనక్కర్లేదని ఒక్క ముక్క చెప్పి ఆ పరిశోధన కేంద్రంవాళ్ళు ఊరుకున్నారు.

సరిగ్గా రాజ్‌మా చిక్కుళ్ళు చేతికొచ్చే వేళ అది. ఏటా ఊరి గింజలన్నీ కొనే వ్యాపారి వరహాలరావు ఈసారి బస్తాల వైపు చూసి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నాకేటి బాబూ, కింద కొనేవోడు అడుగుతన్నాడు. ఆ రియాక్టరోళ్ళ కాయితం సూపించండి, అన్నీ నానే కొంతాను" అన్నాడు. అక్కడి కూటికీ భయపడి తల్లులు పిల్లల్ని అంగన్‌వాడీకి పంపడం మానేశారు. ఆ చలికాలం ఊరికి వండుకోవడానికైనా అమ్ముకోవడానికైనా ఉన్నవి ఆ చిక్కుళ్ళే.

తాతకు ఇదేమీ పట్టలేదు. గింజలు ఉడకబెట్టించుకుని ఊరందరి ముందు కూర్చుని తిన్నాడు, వేలెత్తాడు. చాలాసేపటికి తిరిగొచ్చి, వీటికి మబ్బు తగిలింది గానీ మంచి మబ్బే అన్నాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ తినలేదు. ఆయన జీవితంలో అలా జరగడం అదే మొదలు.

కృపావతి ఆయన్ని పక్కకు తీసుకెళ్ళి నచ్చజెప్పింది. ఈ విషానికి వాసన ఉండదు, రుచి ఉండదు, ఇవాళ తింటే రేపు తెలిసేది కాదు. యంత్రంతో కొలవాలి. కొలిచినవాళ్ళు రాసిపెట్టుకున్నది మనం చూడాలి.

"నాలిక్కి అందదా?"

"అందదు తాతా."

తాత ముఖం చిన్నబోయింది. అంత దిగులుగా ఆయన్ని ఎవరూ చూడలేదు.

కృపావతి సమాచార హక్కు కింద అర్జీ పెట్టింది. భద్రతా కారణాల వల్ల ఇవ్వలేమని జవాబు వచ్చింది. ఆమె అప్పీలు చేసింది. ఆ మధ్యకాలమంతా ఖాళీ అంగన్‌వాడీలో తాత ఒక్కడే వేళకు వచ్చి, తిని, వేలెత్తి, తీర్పు వినేవాళ్ళు లేక లేచిపోయేవాడు. చివరికి కేంద్రానికి వచ్చి రికార్డులు చూసుకోవచ్చని కబురొచ్చింది. నేనూ వస్తానని తాత బయల్దేరాడు. కొండవాళ్ళు వట్టి చేతులతో ఎవరి గడపా తొక్కరని చెప్పి, ఆమె చేత తెల్లారేసరికి చిక్కుళ్ళు వండించి క్యారియర్‌లో పెట్టించాడు. యంత్రంతో కొలిపించడానికి పచ్చి గింజలు విడిగా మూట కట్టుకున్నారు. ఇద్దరూ అరకులో రైలెక్కి కిందికి దిగారు.

అక్కడి అధికారి లక్ష్మీప్రసాద్ మంచివాడే. కాగితాలన్నీ తీసి, కృపావతి అడిగిన ప్రతిదీ విడమరిచి చెప్పాడు. ఫిల్టరు మార్చడం ఆలస్యమై ఆ రోజు గాలి ఎక్కువ బయటికి వెళ్ళిన మాట నిజమే. అది సముద్రం వైపు పోయింది. తర్వాత కొండల్లోంచి పాలు, నీళ్ళు, గడ్డి తెచ్చి కొలిస్తే ఎప్పుడూ ఉండేదాన్ని మించి ఏమీ కనబడలేదు. ఇంత మంచి సంగతిని బీరువాలో ఎందుకు దాచారని కృపావతి అడిగింది. బయటపెడితే జనం భయపడతారనుకున్నాం అన్నాడాయన.

"పెట్టకపోతేనే భయపడ్డాం సార్. మా పిల్లలు కూడు మానేశారు."

అప్పుడు తాత క్యారియర్ మూత తీశాడు.

"అయితే తిను బాబూ. ముందు నాను తింతాను" అని ముద్ద నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. వేలు లేచింది. ఫైళ్ళు మోసుకొచ్చిన బంట్రోతు గుమ్మంలోనే ఆగిపోయాడు. కిటికీ అవతల సముద్రపు గాలి కూడా కాసేపు ఆగినట్టే ఉంది. వేలు దిగింది.

"ఉప్పు బాగా కుదిరింది. ఇక నీ వొంతు."

లక్ష్మీప్రసాద్ గింజల వైపు చూశాడు, తన సంతకం ఉన్న కాగితం వైపు చూశాడు. తర్వాత చేయి చాచి, ఒక ముద్ద తీసుకుని, నెమ్మదిగా నమిలి మింగాడు.

"బాగున్నాయి తాతగారూ. కానీ వీటిలో ఉప్పే వేయలేదు."

కృపావతి నాలుక కరుచుకుంది. పొద్దున కంగారులో ఉప్పు సంగతే మర్చిపోయింది. మరి తాత అలా ఎందుకన్నట్టు? ఇన్నేళ్ళలో ఈయన ఈగల గురించి, రాళ్ళ గురించి చెప్పాడు గానీ ఉప్పు, పులుపు గురించి ఎన్నడూ ఎత్తలేదని ఆమెకు అప్పుడు తట్టింది. అధికారి రికార్డుల నకళ్ళు ఇచ్చి, పచ్చి గింజలు తీసుకుని, వీటి ఫలితం పంపుతానని, ఇకపై నెలనెలా సంతకు కాగితం పంపుతానని మాటిచ్చాడు.

తిరుగు రైలు కొండెక్కుతూ సొరంగాల్లో దూరి వెలుతురులోకి వస్తోంది.

"తాతా, నీకు రుచి తెలీదు గదా?"

"మీ యమ్మ పుట్టకముందే జొరమొచ్చి పోనాదే."

"మరి ఆ ముసలీగ?"

"ఏదోటి సెప్పాల గదా."

ఇంకో సొరంగం వచ్చింది. తాత ఆ చీకట్లోనే మాట్లాడాడు. "ఒక వానాకాలం పుట్టగొడుగులు తిని మా సెల్లి పోనాది. నాను పొలంకాడున్నాను. ఇంటికాడుంటే ముందు నానే తిందును. ఏలు దించేదాకా సూసేదదే, నాకేటైనా అవుద్దా అని."

"ఆ మాటే ఊళ్ళో సెప్పొచ్చు గదా. అందరూ నిన్ను తిండిపోతంతారు."

"సెప్తే పిల్లలు నా మొకం ఏపు బయంగా సూస్తారు. తిండిపోతైతే నవ్వుకుంటా తింతారు."

కృపావతికి ఏడుపొచ్చింది, దాన్ని తోసుకుంటూ నవ్వొచ్చింది. ఇంత ప్రేమ పెట్టుకుని పిల్లల కూటికి ఎగబడే ముసలాడిలా నటించిన ఆ మనిషిని గట్టిగా పట్టుకోవాలనిపించింది. "నాలిక్కి అందనిది నువ్వు పట్టినావు గదే గుంటా. ఇక కూటికి నాను, కాయితానికి నువ్వు" అని తాత క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయాడు.

తర్వాతి సంతకు గింజల ఫలితం వచ్చింది. అందులోనూ భయపడాల్సిందేమీ లేదు. కాగితాలన్నీ సంత షెడ్డు స్తంభానికి అంటించారు. వరహాలరావు అడుగున ఉన్న ముద్ర దాకా చదివి, ఫొటో తీసుకుని, వెనక్కి కట్టుకున్న చేతులు ముందుకు తెచ్చాడు.

మర్నాడు అంగన్‌వాడీలో పిల్లలందరూ గిన్నెలు పట్టుకుని కూర్చున్నారు. మంచు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. తాత ముద్ద నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు, వేలెత్తాడు. పిల్లల వెనక నిలబడ్డ కృపావతి చిన్నగా దగ్గింది. తాత ఒక కన్ను కాస్త తెరిచాడు. ఆమె ఉప్పు డబ్బా చూపించి, రెండు వేళ్ళెత్తింది. ఆ సంతోషంలో రెండుసార్లు వేసేసింది మరి. తాత కన్ను మళ్ళీ మూసుకుంది, వేలు దిగింది.

"మంచి మబ్బు తాగిన గింజ. మీ టీచరు మాత్రం ఉప్పు రెండుపాల్లు ఏసింది."

పిల్లలు గబగబా తిని చూసి, మూతులు ముడిచి, తాత నాలుకకు తిరుగులేదని ఒప్పుకున్నారు. తాత మాత్రం తనకింకా సరిగ్గా తెలియలేదని గిన్నె మళ్ళీ చాచాడు. కృపావతి గొడవ పెట్టుకోకుండా ఇంకో గరిటె వేసింది.